లేజర్ మీటరు ఒక అంకె, టేపు ఇంకో అంకె చెబితే ఏది నమ్మాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వచ్చే నెల కొత్త ఫ్లాటు తాళాలు చేతికి వస్తాయి. ఆలోపు గదులన్నీ స్వయంగా కొలుచుకుందామని 40 మీటర్ల దాకా దూరం కొలిచే లేజర్ మీటరు కొన్నారు. పడకగది టేపుతో 11 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. లేజర్ మాత్రం ఒకసారి 3.505 మీటర్లు, మరోసారి 3.403 మీటర్లు చూపించింది. ఊళ్ళో ఉన్న 40 × 60 అడుగుల స్థలాన్ని మధ్యాహ్నం కొలవబోతే తెర మీద ఎర్రర్ తప్ప అంకే రాలేదు. మీటరు పాడైందా, వెనక్కి పంపేయాలా, అసలు వీటిని నమ్మవచ్చా అని అడిగారు.

మీటరు బాగానే ఉంది, పంపకండి. గదుల పొడవు వెడల్పులకు లేజర్‌ను నమ్మండి. తలుపు చట్రాలకు, సందులకు, గోడ మందాలకు టేపు వాడండి. స్థలం హద్దుల దగ్గర మాత్రం ఈ రెండింటిలో దేన్నీ ఆఖరి మాటగా తీసుకోకండి. మీకు వచ్చిన పది సెంటీమీటర్ల తేడా ఒక బొత్తాం వల్ల వచ్చింది. స్థలం దగ్గర అంకె రాకపోవడానికి కారణం ఎండ. ఒక్కొక్కటే చెబుతాను. నేను పద్దెనిమిదేళ్ళుగా వంటగదులకు, వార్డ్‌రోబులకు, ఫాల్స్ సీలింగులకు ఇళ్ళలో కొలతలు తీస్తున్నాను. మొదటి ఆరేళ్ళు టేపుతోనే చేశాను, తర్వాత లేజర్‌కు మారాను. ఇప్పటికీ నా సంచిలో రెండూ ఉంటాయి.

ముందు ఆ పది సెంటీమీటర్ల సంగతి. మీటరు తన వెనుక అంచు నుంచి కొలవాలా, ముందు అంచు నుంచి కొలవాలా అన్నది ఒక సెట్టింగు. తెర మీద ఏదో ఒక మూల మీటరు ఆకారంలో చిన్న బొమ్మ ఉంటుంది, దాని కింది వైపో పై వైపో ఒక గీత గానీ బాణం గానీ కనిపిస్తుంది. కింద ఉంటే వెనుక అంచు నుంచి లెక్క, పైన ఉంటే ముందు అంచు నుంచి. కొన్నిటిలో స్టాండు బిగించే మర దగ్గర నుంచి కొలిచే సెట్టింగు కూడా ఉంటుంది. ఈ తరహా మీటర్లు ఇంచుమించు పది సెంటీమీటర్ల పొడవుంటాయి. 3.505లోంచి 3.403 తీసేస్తే 10.2 సెంటీమీటర్లు. మీ మీటరు పొడవును టేపుతో కొలిచి చూడండి, సరిగ్గా అంతే వస్తుందని నా నమ్మకం. వేలు తగిలి సెట్టింగు ముందు అంచుకు మారింది, మీరు మాత్రం అలవాటుగా వెనుక అంచునే గోడకు ఆనించారు. అందుకే మీటరు తన ఒంటి పొడవును లెక్కలో వేసుకోలేదు. చాలా మీటర్లు ఆపి వెలిగిస్తే వెనుక అంచుకే వస్తాయి, కొన్ని మాత్రం పాత సెట్టింగునే పట్టుకుని కూర్చుంటాయి. మీది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోండి.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గుంటూరులో ఒక ఇంటికి వెళ్ళి మూడు గదులు కొలుచుకొచ్చి, రాత్రి కూర్చుని గీస్తుంటే ఒక గదిలో కర్ణం, అంటే మూల నుంచి ఎదురు మూలకు దూరం, కుదరలేదు. పొడవు, వెడల్పు వెనుక అంచుతో కొలిచాను, కర్ణం ముందు అంచుతో కొలిచాను. కర్ణం కొలవకపోయి ఉంటే ఆ తప్పు చెక్క కోసిన తర్వాత గానీ బయటపడేది కాదు. మర్నాడు మళ్ళీ గుంటూరు బస్సెక్కాను. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా మొదటి గోడను టేపుతోనూ లేజర్‌తోనూ కొలిచి, రెండూ కలిశాకే ముందుకు వెళ్తాను. అర నిమిషం పని.

ఇక అసలు విషయానికి వస్తాను. మీటరుకు గది అంటే తెలియదు. ఎర్ర చుక్క ఎక్కడ పడిందో అక్కడికి ఎంత దూరమో అది మాత్రమే తెలుసు. చుక్క ఎక్కడ పడిందో చూసుకోవాల్సింది మనం. లేజర్ తప్పు చెప్పిందని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలా వరకు చుక్క వేరే చోట పడినవే.

గోడ అడుగున పలకల స్కర్టింగ్ ఉంటుంది కదా, అది గోడ కంటే దాదాపు ఒక సెంటీమీటరు ముందుకు పొడుచుకుని ఉంటుంది. మీటరును నేల మీద పెట్టి కొలిస్తే ఇటు వెనుక అంచు స్కర్టింగుకు ఆనుతుంది, అటు చుక్క స్కర్టింగు మీద పడుతుంది. గది రెండు సెంటీమీటర్లు చిన్నదైపోతుంది. బాల్కనీకి గాజు తలుపు ఉన్న హాల్లో చుక్క గాజులోంచి దూసుకుపోయి ఎదుటి భవనం మీద పడుతుంది. ఒక కుర్రవాడు హాలు పొడవు 17 మీటర్లని రాసుకొచ్చాడు, పాపం అనుమానం కూడా రాలేదు. అద్దం మీద పడితే వెలుతురు ప్రతిఫలించి ఇంకెక్కడికో వెళ్తుంది, వచ్చే అంకె ఆ ఇంకెక్కడికో సంబంధించింది. నునుపు పట్టిన నల్ల గ్రానైటు మీద చుక్క సరిగా చెదరదు కాబట్టి మీటరుకు తిరిగి చేరే వెలుతురు తక్కువ. అంకె ఆలస్యంగా వస్తుంది, లేదా రాదు. థర్మాకోల్ లాంటి వాటిలో వెలుతురు పైపొరను దాటి కొంత లోపలికి ఇంకుతుంది, కొలత కొంచెం ఎక్కువ చూపిస్తుంది. వీటన్నిటికీ మందు ఒకటే, తెల్ల అట్టముక్క. పెళ్ళి శుభలేఖ వెనుక వైపు చాలు. దాన్ని గోడకు ఆనించి పట్టుకోమని ఒకరికి ఇచ్చి, చుక్క దాని మీద పడేలా కొట్టండి.

తర్వాత వంకర. మీటరును గోడకు నిటారుగా కాక కాస్త పక్కకు తిప్పి కొలిస్తే దూరం ఎక్కువ వస్తుంది. ఎంత ఎక్కువ? 10 మీటర్ల దూరంలో చుక్క ఉండాల్సిన చోటుకు 10 సెంటీమీటర్లు పక్కకు పోతే తప్పు అర మిల్లీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. 30 సెంటీమీటర్లు పోతే నాలుగున్నర మిల్లీమీటర్లు. చిన్న గదుల్లోనే జాగ్రత్త ఎక్కువ కావాలి: 3 మీటర్ల గదిలో 10 సెంటీమీటర్లు పోతే దాదాపు 1.7 మిల్లీమీటర్లు, 20 పోతే ఆరున్నర దాటుతుంది. వంకర వల్ల వచ్చే తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటుంది, తక్కువ వైపు ఉండదు. అందుకే మీటరులో ఆగకుండా కొలిచే పద్ధతి ఒకటి పెట్టారు. కొలత బొత్తాన్ని కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే చాలా మీటర్లలో అది మొదలవుతుంది. చుక్కను గోడ మీద అటూ ఇటూ, పైకీ కిందికీ నెమ్మదిగా తిప్పితే అన్నిటికంటే తక్కువ అంకెను అది పట్టి ఉంచుతుంది. అదే నిటారు దూరం. మూల నుంచి మూలకు కర్ణం కావాలంటే అన్నిటికంటే ఎక్కువ అంకె తీసుకోవాలి. ఈ రెండు అంకెలకే ఆ తెర మీద రెండు వరుసలు ఉంటాయి, కొన్నవాళ్ళలో చాలామంది అవేమిటో చూడరు.

ఒక ఎత్తులో కొలిచి ఊరుకోకండి. ఇది నాకు డబ్బు పోయాక వచ్చిన బుద్ధి. మచిలీపట్నంలో ఒక పాత ఇల్లు, వంటగదిలో రెండు గోడల మధ్య నడుము ఎత్తులో 2,412 మిల్లీమీటర్లు వచ్చింది. అటూ ఇటూ కాస్త సందు ఉంచి 2,400కు పెట్టెలు చేయించాను. కింది వరుస చక్కగా కూర్చుంది. పై వరుస ఎక్కలేదు. నిచ్చెన వేసుకుని పైన కొలిస్తే 2,391 ఉంది. గోడ తూకంలో లేదు, పైకి వెళ్ళే కొద్దీ లోపలికి వాలింది. లేజర్ నాకు సరైన అంకే ఇచ్చింది, నేను అడిగిన చోట ఇచ్చింది. ఆ పెట్టెలను మళ్ళీ కోసి, అంచులు మళ్ళీ అంటించి బిగించేసరికి ఆ పనిలో నాకు మిగిలింది ఏమీ లేదు. ఇప్పుడు చెక్కపని ఉన్న ప్రతి గోడకూ కింద, నడుము దగ్గర, పైన మూడు కొలతలు తీసి, తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటాను. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు తూకంలో ఉంటాయని అనుకోకండి. పది మిల్లీమీటర్ల వాలు నాకు కొత్త ఇళ్ళలోనూ ఎదురవుతూనే ఉంటుంది.

టేపు మీద కూడా ఒక మాట, ఎందుకంటే మీ ప్రశ్నలో టేపు నిజం, లేజర్ అనుమానం అన్న ధోరణి కనిపించింది. జేబు టేపు కొనన ఉన్న కొక్కెం వదులుగా కదులుతుంటుంది. పాడైందనుకుని కొందరు మేస్త్రీలు సుత్తితో కొట్టి బిగిస్తారు. అది కదలాలి. కొక్కెం మందమెంతో అంతే కదిలేలా తయారు చేస్తారు. అంచుకు తగిలించి లాగినప్పుడు ఒక రకంగా, గోడకు గుద్దినప్పుడు ఇంకో రకంగా సర్దుకుంటుంది. దాన్ని బిగిస్తే రెండిట్లో ఒక పద్ధతి కొలతలన్నీ తప్పుతాయి. గది లోపల గోడ నుంచి గోడకు కొలిచేటప్పుడు టేపు డబ్బా పొడవు కలపాలి, అది డబ్బా మీదే రాసి ఉంటుంది. చాలామంది పట్టీని మూలలో వంచి కంటితో అంచనా వేస్తారు, అక్కడ నాలుగైదు మిల్లీమీటర్లు పోతాయి. ఇక ఎండ: ఉక్కు టేపులు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండేలా గుర్తులు వేస్తారు. 30 మీటర్ల ఉక్కు టేపు 45 డిగ్రీల వేడిలో 8 మిల్లీమీటర్లకు పైగానే సాగుతుంది. మధ్యలో జారి వేలాడితే అదనం. 5 మీటర్ల మంచి టేపు, ఖచ్చితత్వంలో రెండో తరగతిది, నిబంధన ప్రకారమే 1.3 మిల్లీమీటర్ల దాకా తప్పవచ్చు. మీ లేజర్ మీటరు పెట్టె మీద ±1.5 మిల్లీమీటర్లనో ±2 మిల్లీమీటర్లనో ఉంటుంది. కాబట్టి ఒక గది కొలతలో రెండింటికీ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే అది తగవు కాదు. పది మిల్లీమీటర్ల తేడా వస్తే మాత్రం ఎక్కడో మనిషి తప్పు ఉంది.

మరి టేపు ఎందుకు ఉంచుకున్నానంటే, గుమ్మం చట్రం మందం, కిటికీ లోతు, బీము దిగిన మేర, పైపు గోడ నుంచి ఎంత ముందుకొచ్చింది వంటి చిన్న కొలతలకు లేజర్ పనికిరాదు. కొన్ని మీటర్లు 5 సెంటీమీటర్ల నుంచి, కొన్ని 15 సెంటీమీటర్ల నుంచి గానీ కొలవవు. పైగా చుక్క పడటానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి. బయటికి తిరిగిన గోడ మూల దగ్గర ఏమీ ఉండదు, అట్ట పట్టుకోవాలి. అంతకంటే టేపు తగిలించడం సులువు.

ఎండ సంగతి. ఈ మీటర్లు ఇంటి పనికి వాడే, కంటి భద్రత లెక్కలో రెండో తరగతి లేజర్లు, వాటి శక్తి ఒక మిల్లీవాటు లోపే. వెలుతురు ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, దాదాపు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. ఒక మిల్లీమీటరు తేడాను వెళ్ళొచ్చిన సమయంతో పట్టుకోవాలంటే ఏడు పికోసెకన్ల (నానోసెకనులో వెయ్యో వంతు ఒక పికోసెకను) లోపు తేడాను కొలవాలి. చేతిలో పట్టే చవక పరికరంలో అది నేరుగా చేయడం కష్టం. అందుకని చాలావరకు వేరే దారి పట్టారు. వెలుతురును నిర్ణీత వేగంతో హెచ్చుతగ్గులు చేస్తూ పంపి, తిరిగొచ్చిన అల పంపిన అల కంటే ఎంత వెనుకబడిందో చూస్తారు. ఒకే వేగంతో చేస్తే ఎన్ని పూర్తి అలలు గడిచాయో తెలియదు కాబట్టి రెండు మూడు వేగాలతో చేసి పోల్చుకుంటారు. ఇదంతా జరగాలంటే తిరిగొచ్చే ఆ కాస్త వెలుతురు మీటరు కంటికి కనబడాలి. మధ్యాహ్నం ఎండలో మెరిసే గోడ మీద అది సముద్రంలో చెంచాడు నీళ్ళు. పెట్టె మీద రాసిన 40 మీటర్లు నీడలో, తెల్లటి గోడకు. ఎండలో అందులో సగం కూడా రాకపోవచ్చు.

ఎర్ర కళ్ళద్దాలు కొనమని ఎవరో మీకు చెప్పారట. అవి చుక్క మీకు కనబడటానికి కొంత పనికొస్తాయి గానీ, మీటరు కంటికి ఏ సాయమూ చేయవు. ఆకుపచ్చ చుక్క మీటర్ల సంగతీ దాదాపు అంతే. మన కన్ను ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది కాబట్టి చుక్క వెతుక్కోవడం తేలిక. ఎండలో కొలత వచ్చేస్తుందని మాత్రం ఆశపడకండి.

మీ స్థలానికి వస్తే, 40 × 60 అంటే 12.192 × 18.288 మీటర్లు, కర్ణం 21.98 మీటర్లు. అన్నీ మీ మీటరు పరిధిలోనివే. ఉదయం ఆరున్నరకో సాయంత్రం సూర్యుడు దిగాకో వెళ్ళండి. ఒక తెల్ల పలక, ఒక స్టాండు, ఒక తోడు మనిషి కావాలి. స్టాండు లేకుండా 20 మీటర్ల దూరంలో హద్దురాయి మీద చుక్క నిలపడం అసాధ్యం. చేయి ఒక్క డిగ్రీ కదిలితే అక్కడ చుక్క 35 సెంటీమీటర్లు జరుగుతుంది. రాయి మీదే పడకపోతే వెనుక ఉన్న ప్రహరీ దూరం వస్తుంది. తోడు మనిషి పలకను రాయి మధ్య గుర్తు మీద నిటారుగా నిలబెట్టాలి. స్టాండు మీద పెట్టి కొలిస్తే మర దగ్గర నుంచి కొలిచే సెట్టింగు మరిచిపోకండి, మళ్ళీ అదే బొత్తాం తప్పు జరుగుతుంది. మధ్యలో సర్కారు తుమ్మ పెరిగి ఉంటే ముందు కొట్టించండి. ఒక్క రెమ్మ అడ్డొచ్చినా చుక్క దాని మీదే పడుతుంది, అంకె మాత్రం దర్జాగా వస్తుంది.

పల్లం ఉంటే ఇంకో చిక్కు. మీటరు కొలిచేది వాలు దూరం, కాగితంలో రాసేది సమతల దూరం. 18.288 మీటర్లలో నేల ఒక మీటరు దిగితే వాలు వెంట 18.315 వస్తుంది, తేడా మూడు సెంటీమీటర్ల లోపే. రెండు మీటర్లు దిగితే దాదాపు 11 సెంటీమీటర్లు. చెరువు గట్టు పక్క స్థలాల్లో ఇలాంటి వాలు మామూలే. మీ మీటరులో వాలు కోణం చూపే సదుపాయం ఉంటే సమతల దూరం అదే లెక్కకట్టి ఇస్తుంది. లేకపోతే ఇటు మీటరూ, అటు చుక్కా ఒకే మట్టంలో ఉండేలా చూసుకోవాలి.

నాలుగు వైపులా సరిపోయినంత మాత్రాన స్థలం సరిపోయినట్టు కాదు. ఇది లేజర్ లోపమేమీ కాదు గానీ, చెప్పకుండా ఉండలేను. 40, 60, 40, 60 అడుగులు వచ్చినా చట్రం ఒక పక్కకు ఒరిగి ఉంటే విస్తీర్ణం తగ్గిపోతుంది. రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 72 అడుగుల ఒక అంగుళం దగ్గర కలిస్తేనే మీకు 266.7 చదరపు గజాలు, సెంట్లలో అయితే సుమారు 5.51. ఒకటి 74, ఇంకొకటి 70 వస్తే మూలలు తొంభై డిగ్రీల్లో లేవు, విస్తీర్ణం కూడా తక్కువే.

ఇంతా చేసి వచ్చింది మీ మనశ్శాంతికి మాత్రమే. పక్కవాళ్ళతో హద్దు తగాదా ఉంటే మీ అంకెలు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. మీరు కొలిచింది రాయి నుంచి రాయికి. ఆ రాయి ఉండాల్సిన చోటే ఉందా అన్నది సర్వేయరు తేల్చాలి. అందుకు సర్వే శాఖ దగ్గర ఉండే హద్దుల కొలతల పటం చూస్తారు, ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఎఫ్ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్ అంటారు. ఎఫ్ఎంబీలో పాత కొలతలు గొలుసు లింకుల్లో ఉంటాయి: 66 అడుగుల గొలుసులో 100 లింకులు, ఒక లింకు 20.1168 సెంటీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు, డ్రోన్లు దించారు. చేతి మీటరు ఆ పనికి ఉద్దేశించింది కాదు.

ఎత్తుల గురించి మీరు అడగలేదు గానీ, ఫ్లాటు చూసేటప్పుడు పైకప్పు ఎత్తు తప్పకుండా కొలుస్తారు కాబట్టి చెబుతున్నాను. మీటరును నేల మీద నిలబెట్టి పైకి నేరుగా కొట్టండి, అంతే. అందులో ఉన్న త్రిభుజం గుర్తు సదుపాయం, అంటే కింది దూరం, వాలు దూరం కొలిస్తే ఎత్తు లెక్కకట్టేది, నేరుగా కొట్టడానికి వీలులేని చోట్లకే వాడండి. అది తప్పును పెంచుతుంది. 4 మీటర్ల దూరంలో నిలబడి 3 మీటర్ల ఎత్తు కొలిస్తే వాలు దూరంలో ఒక సెంటీమీటరు తప్పు ఎత్తులో 1.7 సెంటీమీటర్లు అవుతుంది. అదే ఎత్తుకు 10 మీటర్ల దూరంలో నిలబడితే మూడున్నర సెంటీమీటర్లు. ఎంత దూరం జరిగితే అంత బాగా కనబడుతుందని వెనక్కి నడుస్తారు అందరూ. దగ్గరికి రావాలి. ఒక కల్యాణమండపంలో ఫాల్స్ సీలింగు ధర చెప్పడానికి వెళ్ళి బయటి వరండా నుంచి ఈ లెక్క వేశాను. నిచ్చెన వేసి చూస్తే ఆరు సెంటీమీటర్ల తేడా. కడ్డీలన్నీ పొడవు ఎక్కువ తెప్పించాను గనుక బతికాను.

ఇప్పుడు మీ ఫ్లాటు. స్థిరాస్తి నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం, 2016 ప్రకారం కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, మీకు మాత్రమే చెందే బాల్కనీ లేదా వరండా, పై డాబా కాకుండా వాడుకోగలిగే నేల. కానీ లోపలి అడ్డుగోడలు ఆక్రమించిన చోటు అందులో కలుస్తుంది. గదులన్నీ విడివిడిగా కొలిచి కూడితే కాగితంలో ఉన్నదాని కంటే తక్కువ రావడానికి మొదటి కారణం ఇదే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు రెండు వైపులా పూత కలిపితే ఐదున్నర అంగుళాలు. ఇంట్లో ఇలాంటి గోడలు మొత్తం 60 అడుగులు ఉంటే అవే 27.5 చదరపు అడుగులు. వాటిని కలపకుండా బిల్డరుతో తగవుకు దిగి, తర్వాత తలదించుకున్నవాళ్ళను చూశాను.

రెండో కారణం పూత. ప్లానులో ఉండే కొలతలు మామూలుగా ఇటుక నుంచి ఇటుకకు. గోడకు సుమారు 12 మిల్లీమీటర్లు, గరుకు వైపు అయితే ఇంకాస్త ఎక్కువ పూత పడుతుంది. రెండు గోడలకూ కలిపి ఒక అంగుళం పోతుంది. మీ 11 అడుగుల 6 అంగుళాల గది ప్లానులో 11 అడుగుల 7 అంగుళాలని ఉంటే అది మోసం కాదు. మూడు నాలుగు అంగుళాలు తగ్గితే అడగండి.

విస్తీర్ణం విషయంలో మిల్లీమీటర్ల గురించి బెంగ పెట్టుకోకండి. 3.5 × 3 మీటర్ల గదిలో రెండు వైపులా 2 మిల్లీమీటర్ల తప్పు వచ్చినా తేడా చదరపు అడుగులో ఏడో వంతు. అదే మీ బొత్తాం తప్పు, పది సెంటీమీటర్లు, ఒక్క వైపే జరిగినా ఆ గదిలో మూడు చదరపు అడుగులకు పైగా తినేస్తుంది. ఎనిమిది గదులకు లెక్క వేసుకోండి.

అడుగుల దశాంశాలు ఇంకో గొయ్యి. మీటరు 11.50 అడుగులు అని చూపిస్తే అది 11 అడుగుల 6 అంగుళాలు, 11 అడుగుల 5 కాదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. దీనికి తిరగేసిన తప్పే పనిని ముంచుతుంది. వడ్రంగి 9 అడుగుల 11 అంగుళాలను కాగితం మీద 9.11 అని రాస్తాడు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి దాన్ని దశాంశంగా కంప్యూటర్‌లో ఎక్కిస్తే అది 9 అడుగుల ఒక అంగుళం చిల్లర. పది అంగుళాలు గల్లంతు. మా దగ్గర అన్నీ మిల్లీమీటర్లే, అడుగులు ఇంటివాళ్ళతో మాట్లాడటానికి మాత్రమే. మీరూ మిల్లీమీటర్లలోనే రాసుకుని, చివర్లో 304.8తో భాగించి అడుగులు చేసుకోండి.

మీ మీటరు సరైనదో కాదో ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా తేల్చుకునే ఉపాయం ఒకటి ఉంది, సర్వే పనివాళ్ళది. పొడవైన నడవాలో నేల మీద ఒకే వరుసలో మూడు గుర్తులు పెట్టండి: మొదటిది, మధ్యది, చివరిది. మీటరు వెనుక అంచును గుర్తు మీద పెట్టి, అట్టను అవతలి గుర్తు మీద నిలబెట్టి మూడు కొలతలు తీయండి. మొదటి నుంచి మధ్యకు, మధ్య నుంచి చివరికి, మొదటి నుంచి నేరుగా చివరికి. మొదటి రెండూ కూడితే మూడోది రావాలి. మీటరులో ఎప్పుడూ ఉండే తప్పు ఏదైనా ఉంటే కూడికలో అది రెండుసార్లు చేరుతుంది, నేరుగా కొలిచినదాంట్లో ఒక్కసారే. ఆ మిగిలిన తేడాయే మీటరు తప్పు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే నిశ్చింతగా వాడండి. నేను ప్రతి ఆర్నెల్లకూ, మీటరు చేయి జారి కింద పడినప్పుడల్లా ఇది చేస్తాను. అది కింద పడకుండా ఏ ఏడాదీ గడవలేదు.

కొత్తగా కొనేవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో రేంజ్‌ఫైండర్ అని వెతికితే గోల్ఫు ఆడేవాళ్ళు కంటికి పెట్టుకుని చూసేవి కూడా వస్తాయి, 600 మీటర్లు, 1000 మీటర్లు అంటూ. అవి కంటికి కనబడని పరారుణ కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపుతాయి, తప్పు మీటరుకు అటూ ఇటూ. జెండా దూరానికి అది చాలు, గోడకు చాలదు. మా బంధువు ఒకాయన అదే కొని, గది 4 మీటర్లా 5 మీటర్లా అని నన్ను అడిగాడు. రెండోది, పెట్టె మీద ఐఎస్‌ఓ 16331-1 అని ఉంటే దూరం, ఖచ్చితత్వం ఒక పద్ధతి ప్రకారం పరీక్షించి రాసినట్టు. చవక మీటర్లలో అది లేకపోయినా పనికిరానివని కాదు, పై మూడు గుర్తుల పరీక్ష చేస్తే సరి. అన్నట్టు, చేతి మీటరు పుట్టింది 1993లో, లైకా వాళ్ళ డిస్టోతో. నాకు తెలిసిన ఒక పెద్ద సైటు ఇంజినీరు ఇప్పటికీ ఏ కంపెనీ మీటరునైనా డిస్టో అనే పిలుస్తారు.

ఫోనులో కొలిచే యాప్‌లు సోఫా పడుతుందా లేదా అని చూసుకోవడానికి సరే, చెక్క కోయించడానికి వద్దు.

చుక్కను ఎవరి కళ్ళలోకీ కొట్టకండి. రెండో తరగతి లేజర్ పొరపాటున తగిలితే రెప్ప దానంతట అదే మూసుకుని కాపాడుతుంది, కానీ పట్టుబట్టి చూస్తే కాపాడదు. ఇంట్లో పిల్లలకు ఇది బొమ్మలా కనబడుతుంది, బీరువాలో పెట్టండి. మేలో కారులో వదిలేయకండి. చాలా మీటర్లకు పనిచేసే వేడి అవధి 40 డిగ్రీల చుట్టుపక్కలే, అది దాటితే తెర మీద వేడి ఎక్కువైందన్న సంకేతం వస్తుంది. నీడలో పది నిమిషాలు ఉంచితే కోలుకుంటుంది. మీ స్థలం దగ్గర వచ్చిన ఎర్రర్‌కు వెలుతురుతో పాటు ఇదీ కారణమై ఉండవచ్చు. తెర మీద వచ్చిన సంకేతం ఏమిటో మాన్యువల్‌లో పోల్చి చూడండి.

తాళాలు తీసుకునే రోజు మీటరు, 5 మీటర్ల టేపు, తెల్ల అట్ట, ఫ్లాటు ప్లాను, అదనంగా మీటరుకు వేసే రెండు బ్యాటరీ సెల్లులు పట్టుకెళ్ళండి. సామాను చేరకముందే వెళ్ళండి, ఖాళీ గదిలోనే చుక్కకు దారి ఉంటుంది. ఈలోగా ఆ పడకగదిని బొమ్మలో గీత ఎక్కడుందో చూసుకుని ఇంకోసారి కొలవండి. 3.505కు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు రాకపోతే, మీటరు మోడల్, మూడు గుర్తుల పరీక్షలో వచ్చిన మూడు అంకెలు ఇక్కడే రాయండి, చూస్తాను.